పొడినే అడుగుతా

ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మొదటికే మోసం. నీటితొట్టిలో మెడదాకా మునిగి రెండు గాజు సీసాలు పక్కపక్కనే ఉన్నాయి, గుప్పిట్లో పట్టేంత సీసాలు, ఒకదాని మెడకు ఎర్ర దారం, రెండోదానికి నల్ల దారం. రెండింటి అడుగునా తెల్లటి పొడి, పొడి మీద అంచుదాకా కిరోసిన్, పైన గాజు బిరడా, బిరడా మధ్యలో సూది దూరేంత రంధ్రం. వేలి వెచ్చదనం కాస్త సోకినా చాలు, లోపలి కిరోసిన్ ఉబ్బి ఆ రంధ్రంలోంచి చుక్కయి పైకి వచ్చేస్తుంది, ఆ చుక్కతోపాటు పొద్దుటినుంచి పడ్డ శ్రమంతా పోతుంది. అందుకని ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళలో వేళ్ళు బిగించి కూర్చుంది. చేతులు ఊరుకున్నాయి గాని కాళ్ళు ఊరుకోవడం లేదు. బల్లకింద కుడి మడమ టకటకా నేలను కొడుతూనే ఉంది. ఇంట్లో ఆమెను అందరూ నిదానం అంటారు. అన్నం తినడం నిదానం, మెట్లు దిగడం నిదానం, చిన్నప్పుడు ఏడవడం కూడా నిదానమేనట, దెబ్బ తగిలిన కాసేపటికి గుర్తొచ్చినట్టు మొదలుపెట్టేదట. ఆ పేరు పెట్టింది పిన్ని. ఇప్పుడు పిన్ని వచ్చి ఈ మడమను చూస్తే ముక్కున వేలేసుకుంటుంది. ఈ మధ్యాహ్నం నిదానానికి నిదానం లేదు. నీళ్ళలో థర్మామీటరు పాదరసం ఉండాల్సిన గీత దగ్గరే ఉంది, గీత దాటలేదు, దిగలేదు, అయినా ఆమె ప్రతి నిమిషం దాని వంక చూస్తోంది, పొయ్యి మీద పాలు పెట్టినవాళ్ళు చూసినట్టు.

కిటికీలకు తెరలు వేసి ఉన్నాయి, ఎండ పడితే తొట్టిలో నీళ్ళు వేడెక్కుతాయని. తెరల సందులోంచి ఒక వెలుగుచార వచ్చి త్రాసు గాజుపెట్టె మీద పడుతోంది. మందుల ఫ్యాక్టరీలో పరీక్షల గది ఇది, మేడమీద. కింద బాయిలరు ఊపిరి తీస్తున్న చప్పుడు, అవతల గోదాము ముందు లారీలోకి పెట్టెలు ఎక్కిస్తున్న చప్పుడు. ఆ పెట్టెల్లో ఉన్నది కొత్త పొడితో చేసిన మాత్రలే. సాయంత్రానికి లారీ వెళ్ళిపోతుంది. ధబ్, ధబ్. ఒక్కో పెట్టె పడినప్పుడల్లా ఆమె గుండె కూడా ఒకసారి పడుతోంది. ఇంకా ఎన్ని పెట్టెలున్నాయో, ముందు లారీ నిండుతుందో ముందు తన లెక్క తేలుతుందో. తలుపవతల తన గదిలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఈ గదికంతా పెద్ద ఆయన, చెవి తమ్మె లాక్కుంటూ ఆలోచించే మనిషి. ఇప్పుడు ఆ చెవి ఎంత ఎర్రబడి ఉంటుందో! ఆయన పొద్దున అన్న మాట ఆమెకు కోపం తెప్పించింది, మధ్యాహ్నానికి ఆ కోపమే గౌరవంగా మారింది.

"అమ్మాయ్, నీ మనసులో జవాబు ముందే ఉంది. అందుకే నీ కళ్ళను నేను నమ్మను. నువ్వూ నమ్మకు. పాత పొడి ఏ సీసాలో వేస్తానో, కొత్త పొడి ఏ సీసాలో వేస్తానో నీకు చెప్పను. దారాలు కట్టి ఇస్తా. తూచు, లెక్క తేల్చు, అంకెలు నా చేతిలో పెట్టు. అప్పుడు చెప్తా ఏది ఏదో."

అలా అని తలుపేసుకున్నాడు. ఆమె బయట నిలబడి, నన్ను నమ్మడా, ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నానే, అని పళ్ళు కొరుక్కుంది. ఆయన తలుపు తీసి రెండు సీసాలూ పట్టుకుని వచ్చినప్పుడు చూస్తే రెండింట్లోనూ ఒకేలాంటి తెల్లటి పొడి, కొట్టిన పంచదారలా, కవలల్లా, కన్నతల్లి కూడా పోల్చుకోలేనట్టు. ఆ క్షణంలోనే అర్థమైంది ఆమెకు. తెలిసుంటే తను ఏం చేసేదో. కొత్త పొడి సీసాను కాస్త ఎక్కువ ముద్దుగా చూసుకునేది. దాని గాలి బుడగల్ని ఎక్కువ ఓపికతో తీసేది. త్రాసు ముల్లు ఊగుతుంటే తనకు కావాల్సిన వైపే ఆగిందనుకునేది. మోసం చేయాలని కాదు. ప్రేమ కొద్దీ. ప్రేమ ఎంత చెడ్డ త్రాసో.

ప్రేమ అంటే పిన్ని. అమ్మకు చెల్లెలు, రెండు వీధుల అవతల కుట్టుపని చేసుకునే మనిషి. నోట్లో రెండు గుండుసూదులు, మెడలో టేపు, మెషిన్ పెడల్ మీద పాదం, ఆ పాదానికి ఆ మెషిన్‌తో పెళ్ళయిందా అన్నట్టు ఉండేది. పిన్నికి చిన్నప్పటినుంచీ మూర్ఛ. ఉన్నట్టుండి చూపు ఎక్కడో నిలిచిపోయేది, తర్వాత పడిపోయేది. కొన్నేళ్ళకు ఈ మాత్ర వచ్చింది, ఈ ఫ్యాక్టరీ మాత్రే, ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు ఒక్కసారి కూడా పడలేదు. మూర్ఛ సంగతి మర్చిపోయి కత్తెర పట్టింది, సైకిల్ తొక్కింది, బాబాయిని పెళ్ళి చేసుకుంది, ఆయన్ని రోజుకు నాలుగు సార్లు కసిరింది. నిదానం ఈ ఉద్యోగంలో చేరిన రోజు పిన్ని మాత్ర డబ్బా ముందు పెట్టి "ఇది నువ్వే చేస్తావటే ఇకమీద? అయితే నా ప్రాణం నీ చేతిలో ఉన్నట్టే, జాగ్రత్తగా తగలెయ్యి" అని పకపకా నవ్వింది. అప్పుడు నవ్వులాటే. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. ఈ మధ్య మూర్ఛ మళ్ళీ వచ్చింది. మొదటిసారి కుర్చీలోంచి జారింది. రెండోసారి ఇస్త్రీ చేస్తూ పడింది, పెట్టె మోచేతి మీద పడింది, తోలు ఊడి వచ్చింది. బాబాయి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాడు, ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఆ భయమంతా ఇంటికొచ్చాక కోపమై పిన్ని మీదే పడింది. మాత్రలు మానేశావు. లేదండీ. మానేశావు, నాకు తెలుసు, ఒకసారి చేసినదానివే కదా.

అదే చిక్కు. ఒకసారి చేసింది నిజమే. ఒక బడి పిల్లలందరి యూనిఫారాలూ కుట్టాల్సి వచ్చినప్పుడు, మాత్ర వేసుకుంటే నిద్ర ముంచుకొస్తోందని, ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్ళు మానేసింది పిన్ని. పట్టుబడింది. అది ఎప్పటి మాటో, అప్పటి పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు. కానీ అబద్ధం ఆడిన నోటికి నిజం అతకడం ఎంత కష్టం! డాక్టరు కూడా కళ్ళజోడు పైకి తోసి "సరిగ్గా వేసుకుంటున్నారా?" అన్నాడు, పిన్ని వైపు చూసి కాదు, బాబాయి వైపు చూసి. ఆ రోజునుంచి బాబాయి రోజూ ఎదురుగా నిలబడి మాత్ర నాలుక మీద పెట్టించి, నీళ్ళు తాగించి, "నోరు తెరువు" అంటాడు. నాలుక ఎత్తు. ఇటు తిప్పు. అటు తిప్పు. నిదానం ఒకసారి ఆ సమయానికి వెళ్ళింది. వాకిట్లోనే ఆగిపోయింది. ఊరందరికీ నడుములూ భుజాలూ కొలిచే మనిషి, పెళ్ళికూతుళ్ళను సైతం "కదలకు" అని గదమాయించే మనిషి, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని నిలబడి ఉంది, కళ్ళు మాత్రం గోడ మీద ఎక్కడో. బాబాయి చేతిలో నీళ్ళ గ్లాసు వణుకుతోంది. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే ఆ వణుకు అడ్డొచ్చింది.

ఆ తర్వాత బాబాయి బయటకు వెళ్ళాక, పిన్ని ఆమెను వంటింట్లోకి లాగి చెవిలో చెప్పింది.

"ఒసేయ్ నిదానం, ఒక మాట చెప్తా, నవ్వకు. ఈయన పరీక్ష పుణ్యమా అని మాత్ర కాసేపు నాలుక మీదే ఉంటోంది కదా. ఇదివరకైతే అంతసేపు ఉంటే విషంలా చేదు, కళ్ళమ్మట నీళ్ళు తిరిగేవి. ఇప్పుడు ఏమీ లేదే. సున్నపు గడ్డ నాకినట్టు ఉంది."

"బాబాయికి చెప్పావా?"

"చెప్పా. చేదు లేకపోతే సంతోషించక అన్నాడు." పిన్ని కట్టు కట్టిన మోచేతిని చూసుకుంది. "నువ్వూ అడుగు, పర్లేదు. అందరూ అడిగారు. మింగుతున్నావా పిన్నీ అని నువ్వూ అడిగెయ్."

"నిన్నెందుకు అడుగుతాను? పొడినే అడుగుతా."

ఆ మాట నోటికి ఎలా వచ్చిందో తెలియదు, అన్నాక మాత్రం వెనక్కి తీసుకోవడానికి లేదు. ఇంటికి వెళ్తూ దారి పొడుగునా అదే ఆలోచన. చేదు తెలియాలంటే కరగాలి. కరగనిది నాలుకకు అందదు. నాలుకకు అందనిది రక్తానికేం అందుతుంది? పంచదార పలుకు వేరు, పటికబెల్లం గడ్డ వేరు. అయితే మాత్రలో పొడి మారిందా? మారలేదు, తనే పరీక్షించింది, శుద్ధత సరిగ్గా ఉంది, కల్తీ లేదు, కరిగే వేడి సరిగ్గా ఉంది, మాత్రను నీళ్ళలో వేస్తే చెప్పిన సమయానికి పొడిపొడిగా విడిపోతోంది. అదే పదార్థం. అక్షరం పొల్లు పోకుండా అదే. రోడ్డు మధ్యలో ఆగిపోయింది ఆమె, వెనకనుంచి సైకిల్ మనిషి గంట కొట్టి తిట్టి పక్కనుంచి వెళ్ళాడు. అదే పదార్థం, కానీ అదే సర్దుబాటా? పిన్ని బట్టల పెట్టె గుర్తొచ్చింది. ఎవరు సర్దినా మూత పడని పెట్టె పిన్ని సర్దితే పడుతుంది, పైన ఇంకో దుప్పటికి చోటు మిగులుతుంది. అవే బట్టలు. కానీ పిన్ని సర్దిన పెట్టెలోంచి ఒక రవిక లాగి తీయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది, ఇంకెవరైనా కుక్కిన పెట్టెలోంచి అయితే చెయ్యి పెట్టగానే ఊడి వస్తుంది. కొన్ని పదార్థాలు అంతే, ఒకే అణువులు, రెండు రకాల స్ఫటికాలు, ఒకటి వదులు, ఒకటి బిగువు. బిగువుగా ఉన్నది ఓ పట్టాన కరగదు. వేడి చేస్తే కరిగే లోపే ఒకటి రెండోదానిగా మారిపోతుంది, అందుకే కరిగే వేడి పరీక్షలో రెండూ ఒకటే అనిపిస్తాయి. కాలేజీలో చదివింది, పరీక్ష రాసి మర్చిపోయింది, ఇప్పుడు రోడ్డు మధ్యలో నిలబడి ఉండగా నెత్తిన మొట్టికాయ వేసినట్టు గుర్తొచ్చింది. బిగువుగా సర్దుకున్నది అదే చోటులో ఎక్కువ బరువు పడుతుంది. అంటే సాంద్రత. నీటితో పోలిస్తే ఎన్ని రెట్లు బరువో చూడటమే. దానికి కొండంత యంత్రం అక్కర్లేదు, ఒక సీసా, ఒక త్రాసు, కాస్త కిరోసిన్ చాలు. నీళ్ళు పనికిరావు, పొడి నీళ్ళలో ఎంతో కొంత కరుగుతుంది, కిరోసిన్‌లో ససేమిరా కరగదు.

పెద్దాయనకు చెప్తే మొదట వినలేదు. విని, కొట్టిపారేశాడు. కొట్టిపారేసి, తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. చెవి లాక్కున్నాడు.

"కింద స్ఫటికాలు కట్టించే కొత్త తొట్టె వచ్చినప్పటినుంచి ద్రావణాన్ని నెమ్మదిగా చల్లారుస్తున్నాం కదూ?"

"అవును సార్."

"నిదానంగా చల్లారితే గట్టిగా సర్దుకోవడానికి వాటికి తీరిక దొరుకుతుంది." ఆయన ఆమెను అదోలా చూశాడు. "పెద్ద ల్యాబ్‌కు పంపుదామా? జవాబు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. సరే. సీసాలు కడుగు."

థర్మామీటరు చూసింది. గీత మీదే. ధబ్, ఇంకో పెట్టె. పొద్దుటినుంచి చేసినవన్నీ మనసులో మళ్ళీ లెక్కపెట్టుకుంది, ఏదైనా మర్చిపోయానా అని. ఖాళీ సీసాలు ఆరబెట్టి తూచింది. నీళ్ళతో తూచింది, కిరోసిన్‌తో తూచింది. పెద్దాయన పొడి వేసి ఇచ్చాక పొడితో తూచింది. సగందాకా కిరోసిన్ పోసి పంపు కింద పెట్టి గాలి లాగింది. ఎంత గాలి దాక్కుని ఉందో పొడి రేణువుల మధ్య, బుసబుసమంటూ పైకి తన్నుకొచ్చింది. తర్వాత నిండా పోసి తొట్టిలో దించింది. ఇక ఒకే ఒక్క తూకం మిగిలింది, ఒక్కో సీసాకు ఒక్కటి. ఆ తూకంలోనే అంతా ఉంది. రెండూ ఒకటే అయితే? ఈ ప్రశ్న ఇందాకటినుంచి వాకిట్లో నిలబడి ఉంది, లోపలికి పిలవకుండా తప్పించుకుంటోంది. ఒకటే అయితే పొడి తప్పు లేదు. పొడి తప్పు లేకపోతే? ఆ వంటింట్లో, కట్టు కట్టిన చెయ్యి, సున్నపు గడ్డ నాకినట్టు ఉందే అన్న ఆ గొంతు. ఆ గొంతు అబద్ధమా? చెమట పట్టింది. అయితే ఏమైంది, అబద్ధమైనా నా పిన్నే, అనుకుంది. అనుకోగానే అది చాలదని తెలిసింది. పిన్నికి కావాల్సింది ప్రేమ కాదు, అది ఇంటినిండా ఉంది, నీళ్ళ గ్లాసు పట్టుకుని వణుకుతోంది. పిన్నికి కావాల్సింది నమ్మకం.

వేళయింది. లేచింది. ఎర్ర దారం సీసా మెడ చుట్టూ మడత కాగితం చుట్టి, వేళ్ళు గాజును తాకకుండా పైకి తీసింది. సీసా ఒళ్ళంతా తుడిచింది, బిరడా తల మీద మాత్రం వడపోత కాగితాన్ని అద్దీ అద్దనట్టు అద్దింది. వెలుగుచారలోకి ఎత్తి చూసింది. ఎత్తకపోయి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. సీసా భుజం దగ్గర, మెడ మొదలయ్యే వంపులో, పొట్ట ఉబ్బిన ఆవగింజలా ఒక బుడగ. మెరుస్తోంది. పట్టుబడ్డ దొంగకుండే సిగ్గు కూడా లేదు దాని మొహంలో.

బుడగ ఉంటే అది ఆక్రమించిన చోటు కూడా పొడి ఖాతాలో పడుతుంది, పొడి ఉన్నదానికంటే తేలికని చూపిస్తుంది. తీసేస్తే అసలు బరువు తేలుతుంది. తీయాలా? తీయాలనే ప్రశ్నే లేదు, తీయాల్సిందే, మరి ఈ చెయ్యి ఎందుకాగింది? ఎర్ర దారం కొత్త పొడి అయితే బుడగ తీయడం తనకు లాభం. పాత పొడి అయితే నష్టం, రెండు అంకెలూ దగ్గరవుతాయి, మొత్తం కథే తలకిందులవుతుంది. కింద లారీ నిండుతోంది. మళ్ళీ పంపు, మళ్ళీ తొట్టి, మళ్ళీ ఎదురుచూపు. ఉన్నపళంగా తూచేస్తే? ఆవగింజంత దానికి ఏమవుతుంది? ఆమె బుడగ వంక చూసింది, బుడగలో ముడుచుకున్న కిటికీ కనిపించింది, ముడుచుకున్న తను కనిపించింది. ఏ సీసానో నాకు తెలియదు. తెలియదు! హఠాత్తుగా నవ్వొచ్చింది ఆమెకు, ఒంటరిగా, గట్టిగానే. తెలియకపోవడం ఎంత హాయి! లాభమో నష్టమో తెలియనప్పుడు చేయాల్సింది ఒక్కటే మిగులుతుంది, సరైన పని. తక్కెడ బరువంతా ఎవరో వచ్చి భుజం మీదనుంచి దించినట్టయింది. పెద్దాయన మీద అప్పటికప్పుడు వల్లమాలిన ఇష్టం పుట్టుకొచ్చింది. బిరడా తీసి, కాస్త కిరోసిన్ వంపి, సీసాను పంపు గాజు గుమ్మటం కింద పెట్టి మీట నొక్కింది.

పంపు గుర్రుమంది. ఆమె గుమ్మటానికి ముక్కు ఆనించి చూస్తోంది. గాలి పలచబడేకొద్దీ బుడగ ఉబ్బింది, ఇంకా ఉబ్బింది, వంపును కరుచుకుని వదలనంది. రావే తల్లీ. రా. చూపుడువేలి గోటితో గుమ్మటం అడుగు పలకను టకటక కొట్టింది, కొట్టాక తెలిసింది తన మడమ కొట్టిన తాళం అదేనని. కదలింది. సీసా గోడ వెంబడి పాకి, మెడలో ఒక్క క్షణం ఆగి, పైకి వచ్చి పటుక్కున పగిలింది. దాని వెనకాలే పొడి అడుగునుంచి ఇంకో రెండు, ఇవెక్కడ దాక్కున్నాయో, అవీ పోయాయి. ఇక ఎంత చూసినా ఏమీ లేదు, తెల్లటి పొడి, దాని మీద నీరెండ రంగు కిరోసిన్, కదలిక లేకుండా. వదలకుండా నల్ల దారం సీసాను కూడా అలాగే పంపు కిందకు తెచ్చింది. బుడగ కనబడలేదు, అయినా తెచ్చింది. ఒకదానికి చేసిన మర్యాద రెండోదానికీ చేయాలి కదా, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరికే బొమ్మ కొంటే ఎంత గొడవ. రెండింట్లోనూ మళ్ళీ అంచుదాకా కిరోసిన్ పోసి బిరడాలు పెట్టింది. మళ్ళీ తొట్టి. మళ్ళీ గీత. ఈసారి ఎదురుచూపు ఎదురుచూపులా లేదు, ఉయ్యాల ఊగుతున్నట్టు ఉంది. ఫలితం ఏదైనా సరే, ఈ తూకం నిజమైన తూకం అవుతుంది. ఈ ఉద్యోగంలో ఎన్ని తూకాలు తూచిందో, వేల తూకాలు, ఒక్కదాని ముందూ గుండె ఇలా కొట్టుకోలేదు, అన్నీ పాస్, పాస్, పాస్ అని రాసి పడేసినవే. ఒక పొడిని ఇంతగా తెలుసుకోవాలనిపించడం ఇదే మొదటిసారి.

త్రాసు ముందు కూర్చుంది. ఎర్ర దారం సీసా ఎడమ పళ్ళెంలో. బాట్లు పటకారుతో ఒక్కొక్కటే కుడి పళ్ళెంలో. గాజు తలుపు దించింది, ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలింది. ముల్లు ఊగింది, అటు, ఇటు, అటు, ఇటు, చిన్నచిన్నగా, ఇంకా చిన్నగా. ఆగింది. రాసుకుంది. అంకె తోక వంకరపోయింది, మళ్ళీ రాసుకుంది. నల్ల దారం సీసా. ముల్లు. ఆగింది. రాసుకుంది. ఇప్పుడు లెక్క. పొడి బరువును అది పక్కకు నెట్టిన కిరోసిన్ బరువుతో భాగించాలి, వచ్చినదాన్ని కిరోసిన్ సాంద్రతతో గుణించాలి, అంతే, స్కూలు పిల్లలు చేసే లెక్క. స్కూలు పిల్లలకు ఇంత చెమట పట్టదు. తీసివేత ఒకసారి తప్పు చేసింది, అప్పు తెచ్చిన ఒకటిని మర్చిపోయింది, తల బాదుకుని మళ్ళీ చేసింది. నల్ల దారం, ఒకటి పాయింటు రెండు నాలుగు. ఎర్ర దారం. పెన్సిల్ మొన విరిగింది. ఇంకో పెన్సిల్ దొరకలేదు, పెన్ను తీసింది. ఒకటి పాయింటు మూడు మూడు.

మొదట ఏమీ అనిపించలేదు. పేరు నిదానం కదా, దెబ్బ తగిలిన కాసేపటికి గాని తెలియదు. ఒకటి పాయింటు రెండు నాలుగు. ఒకటి పాయింటు మూడు మూడు. ఇది తూకం పొరపాటు కాదు, బుడగ పొరపాటు కాదు, ఇంత తేడా ఏ పొరపాటుకూ రాదు. ఒకే పేరుతో రెండు పొడులున్నాయి ఈ బల్ల మీద! అప్పుడు వచ్చింది, అరికాళ్ళనుంచి పైకి, జల్లుమని. కుర్చీ వెనక్కి పడిపోయింది, ఎత్తలేదు. కాగితం పట్టుకుని తలుపు తోసింది. తోస్తూండగానే తట్టింది, ఇంకా సగమే అయిందని. ఎర్ర దారం పాత పొడి అయి కూర్చుంటే? అప్పుడు కొత్తదే వదులైనది, కొత్తదే త్వరగా కరగాలి, నాలుకకు ఇంకా చేదు తగలాలి. అప్పుడు పిన్ని మాట...

పెద్దాయన కాగితం తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. లెక్క తను మళ్ళీ చేశాడు, మొదటినుంచి, ఒక్కో అంకె దగ్గరా వేలు పెట్టి. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన చెయ్యి చెవి దగ్గరకు వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది, తమ్మె లాగడం మర్చిపోయింది.

"సార్, ఎర్ర దారం ఏది?"

"కూర్చో ముందు."

"కూర్చోలేను సార్. ఏది?"

"కొత్తది." ఆయన గొంతు కీచుమంది. "ఎర్ర దారం కొత్త పొడి, అమ్మాయ్. బిగుసుకుపోయింది. మనం జనానికి రాళ్ళు అమ్ముతున్నాం."

తర్వాత జరిగింది ఆమె ఎన్నాళ్ళకైనా మర్చిపోదు. ఈ ఫ్యాక్టరీలో ఎవరూ ఎన్నడూ చూడని దృశ్యం, పెద్దాయన పరుగెత్తడం. తెల్లకోటు రెక్కలు విదిలిస్తూ మెట్లు రెండేసి దిగాడు. ఆమె కిటికీ తెర లాగి చూసింది, కళ్ళలో ఎండ గుచ్చుకుంది, కింద లారీ వెనక తలుపు మూసేశారు, ఇంజను మొదలైంది, డ్రైవరు గేటు వైపు తిప్పుతున్నాడు. పెద్దాయన వెళ్ళి లారీ ఎదురుగా చేతులు బార్లా చాపి నిలబడ్డాడు, కోడిపెట్టలను తోలేవాడిలా. హారన్ మోగింది. ఆయన కదల్లేదు. "దించండి! అన్నీ దించండి!" అన్న కేక మేడమీదకు వినిపించింది. "యజమాని ఏమంటారో" అని లోడింగ్ మేస్త్రీ గొణిగినట్టున్నాడు, "ఆయనకు నేను చెప్పుకుంటా" అన్న కేక దానికి జవాబుగా వచ్చింది. ఆమె కిటికీ దగ్గర నిలబడి నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ ఒకేసారి, ముక్కు కోటు చేతికి తుడుచుకుంటోంది.

ఫోను పెద్దాయన బల్ల మీద ఉంది. నంబరు తిప్పుతుంటే వేలు జారింది. అవతల బాబాయి ఎత్తాడు.

"బాబాయ్, నేను. పిన్ని మాత్రలు మానలేదు. రోజూ మింగుతూనే ఉంది. మాత్రే మారింది. మా తప్పు. పిన్ని చెప్పిందంతా నిజం."

బాబాయి గొంతు, ఫోనులోకి కాదు, పక్కకు తిరిగి, ఇంట్లోకి, "ఇలా రా... ఒకసారి ఇలా రావే..." అంటూ అక్కడే విరిగిపోయింది. రిసీవరు దేనికో తగిలిన చప్పుడు. పిన్ని ఊపిరి. ఆమె ఆత్రంగా అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది, సీసాలు, కిరోసిన్, బుడగ, ఒకటి పాయింటు మూడు మూడు, చేదు ఎందుకు పోయిందో, పాత మాత్రలు గోదాములో ఇంకా ఉన్నాయి, ఈ రోజే తెస్తాను, తనే స్వయంగా తెస్తాను. పిన్ని ఆనందంతో అరుస్తుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. కనీసం బాబాయిని నాలుగు మాటలు అంటుందనుకుంది, ఆయనకు దక్కాల్సినవే.

"ఒసేయ్," అంది పిన్ని చివరికి, మెల్లగా. "నాకైతే నువ్వున్నావు. మిగతావాళ్ళకు ఎవరున్నారే?"

ఆమెకు ఒక్కసారిగా ఎన్నో వంటిళ్ళు కనిపించాయి. తను ఎన్నడూ చూడని ఇళ్ళు. గోడల వైపు చూస్తూ నోళ్ళు తెరిచి నిలబడ్డ మనుషులు. నాలుక ఎత్తు అంటున్న మొగుళ్ళు, తల్లులు, కూతుళ్ళు, అందరి చేతుల్లోనూ వణికే గ్లాసులు. "ఉంటా పిన్నీ" అని పెట్టేసింది. పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు, జుట్టంతా రేగిపోయి, నుదుటన దుమ్ము, పదేళ్ళు చిన్నవాడైనట్టు ఉన్నాడు. ఆయన ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది, ఇంతకు ముందెప్పుడూ అలా ఆపలేదు. తన కుర్చీ కాదు, ఆయన కుర్చీలోనే కూర్చుని ఫోను దగ్గరకు లాక్కుంది. మందుల షాపులు ముందా, డాక్టర్లు ముందా అని ఆయన అడిగాడు. ఆమె అప్పటికే తిప్పేస్తోంది. రింగయింది. ఎవరో డాక్టరు, విసుగ్గా, మధ్యాహ్నపు గొంతుతో హలో అన్నాడు. ఫ్యాక్టరీ పేరు చెప్పాలి, మాత్ర పేరు చెప్పాలి, ఏ పెట్టెలు వాపసు పంపాలో చెప్పాలి, అన్నీ చెప్పాలి.

"అన్నీ చెప్తాను డాక్టరు గారూ," అంది నిదానం. "కానీ ముందు ఒక్క మాట రాసుకోండి. మీ దగ్గరకొచ్చి మాత్రలు వేసుకుంటూనే ఉన్నామన్న వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు."